ఎత్తేదెవరు, తోమేదెవరు?

చెల్లీ, ఈ వేసవికి యోసెమిటీలో క్యాంప్ సైటు దొరికిందన్నావు. అది దొరకడమే సగం అదృష్టం. ఇక వెంట పట్టుకెళ్ళడానికి ప్రొపేన్ గ్రిల్ ఏది కొనమంటావక్కా అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే వెనకాల నుంచి మరిదిగారి గొంతు వినబడింది, "ఇరవై వేల బీటీయూలది చూసిపెట్టాను వదినా" అని. మీ బావగారూ ఇంతేలే. మగవాళ్ళకి పెట్టె మీద పెద్ద అంకె కనబడితే చాలు, ఇంక మిగతావేవీ ఆనవు. సరే, ముందు ఆ అంకె సంగతి తేల్చేసి తర్వాత మన సంగతికొద్దాం.

బీటీయూ అంటే ఒక పౌండు నీళ్ళని ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ వేడెక్కించడానికి పట్టే వేడి. గ్రిల్ పెట్టె మీద వేసే అంకె ఆ బర్నర్లు గంటకి ఎంత గ్యాసు తాగుతాయో చెబుతుంది. నీ చికెన్ ముక్కకి ఎంత సెగ తగులుతుందో చెప్పదు. వెబర్ క్యూ 1200 అని ఒక బుల్లి గ్రిల్ ఉంది. దానికి 8,500 బీటీయూలే, వండుకునే జాగా 189 చదరపు అంగుళాలు. కోల్‌మన్ రోడ్‌ట్రిప్ 285 తీసుకో, 20,000 బీటీయూలు, 285 చదరపు అంగుళాలు. కాగితం మీద చూస్తే రెండోది మొదటిదాన్ని ఊదిపారేసేలా ఉంటుంది. కానీ ఆ బుల్లిదాని మూత పట్టుగా కూర్చుంటుంది, కమ్మీలు ఎనామిల్ పూసిన పోత ఇనుమువి. ఒకసారి కాలాయంటే ఐస్ పెట్టెలోంచి తీసిన మాంసం పెట్టినా అంత తొందరగా చల్లారవు. ఈదురుగాలి కొట్టేచోట మూత సందుల్లోంచి వేడంతా పోయే గ్రిల్‌కి ఎన్ని వేలుంటే ఏం లాభం చెప్పు? అందుకే దుకాణంలో పెట్టె మీద చదవడం మానేసి, బయట పెట్టిన నమూనా గ్రిల్ దగ్గరికెళ్ళు. మూత ఎత్తి దించు. కమ్మీ ఒకటి చేత్తో పైకి తీసి బరువు చూడు. పల్చటి తీగలాంటి కమ్మీలైతే పక్కకి జరిగిపో.

నన్నడిగితే గ్రిల్ కొనేటప్పుడు ఆలుమగలిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సినవి రెండే. దీన్ని ఎత్తేదెవరు? దీన్ని తోమేదెవరు?

ఎత్తే సంగతి చూద్దాం. కాళ్ళు మడతపడి, చక్రాలతో లాక్కెళ్ళే రకం గ్రిల్స్ ఉన్నాయి చూశావూ, ఈ రోడ్‌ట్రిప్ కానీ, వెబర్ ట్రావెలర్ కానీ, దాదాపు యాభై పౌండ్లు తూగుతాయి. మన ఇండియన్ స్టోర్‌లో పాతిక కిలోల బియ్యం బస్తా ఉంటుందే, దానికి కాస్త తక్కువ, అంతే. చక్రాలున్నాయిగా అంటారు. ఆ చక్రాలు కారు పార్కింగులో తిరుగుతాయి, ఇసకలో, కంకరలో, పైన్ చెట్ల వేళ్ళ మీద తిరగవు. ట్రంకులోంచి కిందికి దించేటప్పుడు అసలే పనికిరావు. సైటుకి చేరేసరికి ఎలా ఉంటుందో నీకు తెలియనిదేముంది? ఆయన టెంటు కర్రలతో కుస్తీ పడుతుంటాడు. పిల్లలు కారు దిగీ దిగకముందే ఆకలి పాట మొదలెడతారు. స్లీపింగ్ బ్యాగులు, ఐస్ పెట్టె, ఆవకాయ సీసా, చాపలు, అన్నిటికీ అడుగున గ్రిల్. దాన్ని లాగాల్సింది నువ్వు. నీ ఒక్కదాని వల్ల అయ్యే బరువేనా? కానప్పుడు అది ఎంత మంచి గ్రిల్ అయినా గరాజులో బూజు పట్టడానికే.

మరీ తేలికవీ ఉన్నాయి. కుసినార్ట్ పెటీట్ గూర్మే పద్నాలుగు పౌండ్ల లోపే. చిన్న పెట్టెలా మూసేసి పిడి పట్టుకుని పోవచ్చు. 5,500 బీటీయూలు, 145 చదరపు అంగుళాల జాగా. ఇద్దరికైతే నేను కళ్ళు మూసుకుని అదే కొనమంటాను. నలుగురైతే రెండు వాయిలు పడతాయి, రెండో వాయి వచ్చేసరికి మొదటి వాయి తిన్నవాళ్ళకి మళ్ళీ ఆకలేస్తుంది. మీ ఇంటికి నడిమి రకం సరిపోతుంది. ముప్ఫై పౌండ్లకి అటూ ఇటూగా ఉండి, బల్ల మీద పెట్టుకునేది. అమెరికాలో క్యాంప్‌గ్రౌండుల్లో దాదాపు ప్రతి సైటుకీ చెక్క బల్లో, ఇనప బల్లో ఉంటుంది కదా, విడిగా స్టాండు మోసుకెళ్ళడం ఎందుకు? యోసెమిటీలో సైటుకి ఆరుగురికి మించి ఉండనివ్వరు కూడా. ఆరుగురికి వండిపెట్టడానికి పెళ్ళి వంటపొయ్యి అక్కర్లేదు.

గ్రిల్ ఎందుకు, ఎలాగూ కట్టెలు కాల్చుకోవడానికి ఇనప చట్రం ఇస్తారుగా అని మరిదిగారు అనొచ్చు. యోసెమిటీ లోయలో మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా కట్టెల మంట సాయంత్రం 5 నుంచి రాత్రి 10 మధ్యలోనే వెయ్యనిస్తారు. పొద్దున్నే కట్టెల మీద ఏదో చేద్దామంటే కుదరదు. లోయలో పుల్లలు ఏరుకోనివ్వరు, కొనుక్కోవాలి. పైగా కాలిఫోర్నియాలో ఎండలు ముదిరాక కార్చిచ్చుల భయంతో అటవీ శాఖవాళ్ళు ఆంక్షలు పెడతారు. బొగ్గుల పొయ్యి, కట్టెల మంట రెండూ బంద్. అలాంటప్పుడు కూడా నాబ్ తిప్పితే ఆరిపోయే గ్యాసు పొయ్యిలని చాలాచోట్ల ఒప్పుకుంటారు. మనం ప్రొపేన్ వైపు చూసేది ఇందుకే తప్ప రుచి కోసం కాదు. రుచి మాటకొస్తే బొగ్గుదే పైచెయ్యి, అందులో నాకు మొహమాటం లేదు. అయినా బయల్దేరే ముందురోజు ఆ పార్కు ఆంక్షలేమిటో ఒకసారి చూసుకో, వారం వారం మారుతుంటాయి. క్యాంప్‌గ్రౌండు కాకుండా నేషనల్ ఫారెస్టులో ఎక్కడో ఓ మూల టెంటు వేసుకునేవాళ్ళకి కాలిఫోర్నియాలో క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి. గ్యాసు పొయ్యికి కూడా కావాలి. డబ్బులేం తీసుకోరు, ఆన్‌లైన్‌లోనే ఇచ్చేస్తారు.

ఇప్పుడొక మాట చెబుతాను, దుకాణంవాడు చెప్పడు. మీ ఇంట్లో ఇంకా రెండు బర్నర్ల క్యాంపింగ్ పొయ్యి లేకపోతే, గ్రిల్ కంటే ముందు అదే కొను. మన బతుకు టీతో మొదలవుతుంది. గ్రిల్ మీద టీ గిన్నె పెట్టి చూడు, మంట కమ్మీల కింద ఎక్కడో పరుచుకుని ఉంటుంది, గిన్నె అడుగుకి తగిలేది అంతంత మాత్రం. నీళ్ళు మరిగేసరికి తలనొప్పి ఖాయం. కోల్‌మన్‌వాళ్ళ పాత పచ్చ పొయ్యి ఉంటుంది చూడు, బర్నరుకి పదివేల చొప్పున ఇరవై వేల బీటీయూలు. ఒకదాని మీద టీ, ఒకదాని మీద ఉప్మా అయిపోతాయి. ఇంకోటి, వీలుంటే కుక్కర్ పట్టుకెళ్ళు. లోయ దాదాపు నాలుగు వేల అడుగుల ఎత్తు, అక్కడ నీళ్ళు 96 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. పైన టువాలమీ మెడోస్ 8,600 అడుగులు, అక్కడైతే 91 దాటవు. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు వదలదు. మూత పెట్టి ఆవిరి బిగిస్తే తప్ప లొంగదు. గ్రిల్‌కి ఈ బాధ లేదు, కాల్చుకునే వంటకి నీళ్ళు మరిగే లెక్కతో పనిలేదు.

పొయ్యి ఉండి, దాంతోపాటు గ్రిల్ కావాలంటే, అందులో ఏం వండుతావో నాకు చెప్పు. మరిదిగారికి ఇష్టం కదా, తందూరీ లెగ్ పీసులు. అదే అసలు పరీక్ష. ఎముక ఉన్న ముక్కని నేరుగా మంట మీద పెడితే పైన మాడుతుంది, ఎముక దగ్గర ఎర్రగానే ఉంటుంది. రెండు బర్నర్లు ఉంటే ఒకటి వెలిగించి, ఆర్పిన వైపు ముక్కలు పెట్టి మూత వేసేస్తావు. వేడి చుట్టూ తిరిగి నెమ్మదిగా లోపలిదాకా ఉడుకుతుంది, చివర్లో మంట వైపుకి జరిపి రంగు తెప్పించుకోవడమే. ఒక్కటే బర్నరున్న గ్రిల్‌లో ఆ వీలు లేదు. పైన చెప్పిన క్యూ 1200కీ, అంత పెద్ద ట్రావెలర్‌కీ బర్నర్ ఒక్కటే, గుర్తుపెట్టుకో. రోడ్‌ట్రిప్ 285కి మూడున్నాయి. ఒక్క బర్నర్‌దే కొన్నావనుకో, ఎముకల్లేని తొడ ముక్కలు, పనీరు, రొయ్యలు, మొక్కజొన్న పొత్తులకి కట్టుబడిపో. అవీ బావుంటాయి. ఏది చేసినా మాంసంలో గుచ్చే చిన్న థర్మామీటర్ ఒకటి కొను. చికెన్ లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ తగలాలి. చీకట్లో టార్చిలైటు వెలుగులో రంగు చూసి ఉడికిందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మసాలా ఇంటి దగ్గరే పట్టించేసెయ్. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా, నిమ్మరసం, నువ్వు ఎలాగూ చేసేదే. జిప్ కవర్లలో పల్చగా పరిచి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఐస్ పెట్టెలో సర్దితే, దారిలో అవే ఐసు పని చేస్తాయి, సాయంత్రానికి కాస్త కరిగి సిద్ధంగా ఉంటాయి. కాల్చే ముందు మాత్రం పెరుగూ నూనే బాగా జారనిచ్చి పెట్టు. కారే నూనే బర్నరు మీద పడి భగ్గుమంటుంది. ఎప్పుడైనా అలా మంట లేస్తే కంగారుపడి నీళ్ళు చల్లకు. గ్యాసు ఆపేసి మూత వేసెయ్, గాలి అందక అదే చస్తుంది.

మీ అత్తగారు కూడా వస్తున్నారా? అయితే ఇది చదువు. మాంసం కాలిన కమ్మీల మీద కాల్చిన పనీరు ఆవిడ ముట్టుకోరు, ముట్టుకోమని మనం అడగనూ కూడదు. అమెరికావాళ్ళు రాసే గ్రిల్ పుస్తకాల్లో ఈ గొడవకి చోటే లేదు. మన కుటుంబాల్లో మాత్రం గ్రిల్ ఎంపికలో ఇదే సగం. కమ్మీలు రెండు ముక్కలుగా ఊడొచ్చే గ్రిల్ చూసుకుంటే, ఒక సగానికి ఇంకో జత కమ్మీలు కొని, గుడ్డలో చుట్టి విడిగా ఉంచుకోవచ్చు. రోడ్‌ట్రిప్‌లో కమ్మీ తీసి దాని బదులు చదును పెనం పెట్టుకునే వీలుంది, ఆ పెనం శాకాహారానికే అని ముందే తీర్మానం చేసుకో. పట్టుకార్లు రెండు. ఒకదాని పిడికి ఎర్ర దారం చుట్టెయ్, అది మాంసానిది. ముందు కూరగాయలు కాల్చి పెద్దావిడకి పెట్టేశాక చికెన్ మొదలెట్టు. వరస మారితే పాపం ఆవిడ పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు, నువ్వు రాత్రంతా నలుగుతావు.

పెనం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఇప్పుడు మనవాళ్ళలో బ్లాక్‌స్టోన్ మోజు బాగా ఉంది. కమ్మీలుండవు, మొత్తం ఒకే ఇనప రేకు పెనం. 22 అంగుళాలదానికి రెండు బర్నర్లు, 24,000 బీటీయూలు. ఒకేసారి మూడు నాలుగు దోసెలు పోసెయ్యొచ్చు, గుడ్లు, పావ్ భాజీ, ఎగ్ ఫ్రైడ్ రైస్, అదొక బండి కొట్టే. పదిమంది కలిసి వెళ్ళే జట్లకి నేనైతే అదే మేలంటాను. కానీ దాని బరువూ తక్కువేం కాదు, మూత చాలా మోడల్స్‌కి విడిగా కొనుక్కోవాలి, వాడిన ప్రతిసారీ నూనె పట్టించకపోతే తెల్లారేసరికి తుప్పు. మన దోసె పెనానికి చేసే ఊడిగమంతా దానికీ చెయ్యాలి.

ఆ పెనం చెయ్యలేని పని ఒకటుంది. కాల్చిన వంకాయ పచ్చడి. దానికి కమ్మీలూ, కింద మంటా ఉండాల్సిందే. అమెరికా దుకాణంలో దొరికే బుడ్డ వంకాయైనా సరే, చాకుతో నాలుగుచోట్ల గుచ్చి, నూనె రాసి, నేరుగా మంట మీదున్న కమ్మీల మీద పెట్టు. గుచ్చకపోతే పేలుతుంది. ముందు తొక్క మీద మెరుపు పోతుంది, తర్వాత ముడతలు, ఆ తర్వాత తొక్క బూడిదరంగుకి తిరిగి పెటుకులు లేస్తుంది. గుచ్చిన చోట నుంచి రసం బుడగలు కక్కుతూ కమ్మీ మీద పడి చుయ్యిమంటుంది. ఒక్కో వైపూ తిప్పుతూ పోతే, చివరికి పట్టుకారుతో ఎత్తబోతే వంకాయ నడుం విరిగి వాలిపోవాలి, అప్పుడు దించు. పక్కనే నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక టమాటా కూడా కాల్చుకో. తొక్క వలిచి, చింతపండు, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి చేత్తోనే మెదిపెయ్. మిక్సీ లేదుగా అక్కడ, లేకపోవడమే మంచిదైంది. ఈ పచ్చడి కోసమే గ్రిల్ కొన్నా నేనేమీ అనను.

సరే, దుకాణంలో నమూనా గ్రిల్ దగ్గర నిలబడ్డావు. నాబ్ తిప్పి చూడు. వేలికి పట్టు దొరుకుతోందా, పెద్ద మంట నుంచి సన్న మంటకి మెత్తగా జారుతోందా, లేక టక్కుమని రెండే మెట్లున్నాయా? ఎవరూ అడగరు కానీ, మంచి గ్రిల్‌కీ చెత్త గ్రిల్‌కీ తేడా సన్న మంటలోనే తెలుస్తుంది. పెద్ద మంట ఏ గ్రిల్ అయినా ఇస్తుంది. సన్నగా తిప్పితే చిన్నగాలికి ఆరిపోయేదాన్ని నమ్మి పనీరు పెట్టలేం. వాడినవాళ్ళ మాటలు చదివేటప్పుడు దీనికోసమే వెతుకు. వెలిగించే మీట ఉంటుంది, నొక్కితే టిక్కుమని నిప్పురవ్వ వస్తుంది. కొండ ఎత్తుల్లో, తేమగా ఉన్న పొద్దుటి పూట అది మొండికెయ్యడం మామూలే. అందుకని అగ్గిపెట్టె ఒకటి మరిచిపోకు, పొడుగు పుల్లలవైతే ఇంకా మంచిది.

ఇక గ్యాసు. ఒక పౌండు పచ్చ సీసాలు నీకు తెలిసినవే. ఒక్కోదాంట్లో 465 గ్రాముల ప్రొపేన్, మొత్తంగా 21,600 బీటీయూల వేడి. దీన్ని ఇప్పుడు మరిదిగారి ఇరవై వేలతో భాగించు. అన్ని నాబ్‌లూ పెద్ద మంటలో పెడితే గంటకి కాస్త పైన, సీసా ఖాళీ! 8,500ది అయితే రెండున్నర గంటలు వస్తుంది. అంకె పెద్దదైతే సీసాలూ ఎక్కువే మొయ్యాలి, ఆ సంగతి పెట్టె మీద రాయరు. సగం వాడిన సీసాలో ఎంత మిగిలిందో తెలియక మనం కొత్తది తెరుస్తాం, పాతవి గరాజులో వరసగా పేరుకుంటాయి. కొత్త సీసాని వంటింటి త్రాసు మీద పెట్టి ఆ బరువు మార్కర్‌తో దానిమీదే రాసెయ్. తర్వాత ఎప్పుడు తూచినా, తగ్గినదంతా గ్యాసే.

తరచూ వెళ్ళేవాళ్ళైతే అయిదు పౌండ్ల చిన్న సిలిండర్, దాన్ని గ్రిల్‌కి కలిపే గొట్టం కొనుక్కోవడం నయం. మళ్ళీ మళ్ళీ నింపించుకోవచ్చు. పెరట్లో వాడే ఇరవై పౌండ్లదాన్ని కూడా ఆ గొట్టంతోనే కలపొచ్చు కానీ, మళ్ళీ బరువు ముచ్చటకే వస్తాం. పచ్చ సీసాలని ఇంట్లో మీరే నింపే ప్రయత్నం చెయ్యకండి, యూట్యూబులో ఎవడెంత సులువుగా చూపించినా సరే. అవి ఒక్కసారి వాడటానికే చేసినవి. నింపినవాటిని తీసుకుని రోడ్డెక్కడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కూడా. కాలిఫోర్నియాలో ఎలాగూ వీటికి కాలం చెల్లుతోంది. 2022లో చేసిన చట్టం ప్రకారం 2028 జనవరి 1 నుంచి ఈ వాడి పారేసే సీసాలు అక్కడ అమ్మకూడదు, నింపుకునేవే అమ్మాలి. అంచేత కొత్తగా కొనేదానివి, ఇప్పుడే నింపుకునే పౌండు సీసాలు రెండు తీసుకో. ఖాళీవి చెత్తబుట్టలో మాత్రం వెయ్యకు, చెత్త లారీలో నలిగితే పేలుతాయి. ఊళ్ళో ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి.

బ్యూటేన్ డబ్బా పెట్టి వాడే కొరియన్ పొయ్యి చవగ్గా వస్తోంది కదా అంటావేమో. ఇంట్లో హాట్‌పాట్‌కి బంగారంలా పనిచేస్తుంది. కానీ బ్యూటేన్ సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా లొంగదు. అక్టోబర్‌లో టాహో సరస్సు దగ్గర తెల్లవారుజామున ఈ తేడా టీ కప్పులో తెలుస్తుంది. ఇండియాలో మన ఇళ్ళకి సిలిండర్లలో వచ్చేది ఈ రెండూ కలిపిన గ్యాసు. అలాగని అమెరికాలో కొన్న గ్రిల్ ఊరికి పట్టుకెళ్ళి నాన్నగారికి ఇద్దామనుకోకు. సిలిండర్ మూతి వేరు, రెగ్యులేటర్ వేరు, కుదరని చోట కుదిర్చే మెకానిక్కులు మనూళ్ళో ఎక్కువ, అదే నా భయం. విమానంలో గ్యాసు సీసా చేతి సంచీలోనూ, పెట్టెలోనూ కూడా నిషిద్ధం. ఎగిరి వెళ్ళే ట్రిప్పులకి దిగాక కొనుక్కోవాల్సిందే.

భయపెట్టాలని కాదు కానీ, ఇది అక్కగా చెప్పాలి. ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, కింద గుంటల్లో, కారు అడుగున చేరుతుంది. సీసా బిగించాక సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తున్నాయేమో చూడు. మన గ్యాసు వాసనే దీనిదీ, నీ ముక్కుని నమ్ము. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. ఒకటి రెండుసార్లు నొక్కినా అంటుకోకపోతే నాబ్ ఆపేసి, అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టు. వాన పడుతోందని, చలేస్తోందని, టెంటులోకి కానీ, టెంటు ముందు వసారాలోకి కానీ గ్రిల్‌ని రానివ్వకు. ఆరిపోయాక వెచ్చదనానికని కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు, నిద్రలోనే మనుషుల్ని తీసుకుపోతుంది. పడుకున్న పిల్లలకి తెలియదు, మనకీ తెలియదు. వానొస్తే ఆ పూట పులిహోరతో కానిచ్చెయ్, అందుకే పులిహోర పొట్లం ఎప్పుడూ ఒకటి ఎక్కువ పెట్టుకోమంటాను.

అమ్మయ్య, తోమే సంగతికొచ్చాం. గ్రిల్ ముందు నిలబడి పట్టుకారు పట్టుకుని ఫొటో దిగేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. కింద జిడ్డు ట్రే ఒకటుంటుంది, దాని పక్కన నిలబడి ఫొటో దిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కొనేటప్పుడు ఆ ట్రేని బయటికి లాగి చూడు. ముందు నుంచి జారుగా వస్తోందా, లేక గ్రిల్ మొత్తం తిరగేస్తే గానీ రాదా? మూలలు గుండ్రంగా ఉన్నాయా, పీచు దూరని సందులున్నాయా? కమ్మీలు మన సింకులో పడతాయా? ఈ ప్రశ్నలకి జవాబు పెట్టె మీద ఉండదు. వండటం అయిపోయాక కమ్మీలు వేడిగా ఉండగానే గీకెయ్యాలి, చల్లారాక గీకితే రెట్టింపు చాకిరీ. ఇనప తీగల బ్రష్ వాడకు. ఆ తీగ ముక్కలు ఊడి, కమ్మీకి అంటుకుని, తిండిలోంచి గొంతులోకి, పేగుల్లోకి దిగి ఆసుపత్రి పాలైనవాళ్ళ గురించి 2012లోనే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ హెచ్చరించింది. సగానికి కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి వేడి కమ్మీల మీద రుద్దితే చాలావరకూ వదిలిపోతుంది. మిగిలింది చెక్క గరిటె అంచుతో గీకు. ట్రేలో ముందే అల్యూమినియం రేకు పరుస్తే, జిడ్డు గడ్డకట్టాక రేకుతో సహా చుట్టి పారెయ్యొచ్చు.

ఇది అందం కోసం చెప్పడం లేదు, ఎలుగుబంట్ల కోసం చెబుతున్నా. యోసెమిటీలో వాసనొచ్చే ఏ వస్తువైనా సైటులో ఉన్న ఇనప లాకర్‌లో పెట్టాలి, చీకటి పడ్డాక తిండి కారులో ఉంచడానికి కూడా వీల్లేదు. ఎలుగు కారు తలుపుని ఒలిచెయ్యగలదు. ఎల్లోస్టోన్‌లో అయితే గ్రిల్, పొయ్యి, ఖాళీ కూలర్‌తో సహా బయట వదిలి పక్కకి వెళ్ళకూడదని రాసి మరీ పెట్టారు, అక్కడ కారులో పెట్టుకోనిస్తారు. ఇప్పుడు లాకర్‌లో నీ ఐస్ పెట్టె, కూరగాయలు, టూత్‌పేస్టు, పిల్లల చిరుతిళ్ళు అన్నీ సర్దాక, చికెన్ జిడ్డు కారుతున్న యాభై పౌండ్ల గ్రిల్‌కి చోటెక్కడిది? రాత్రి పదింటికి టార్చి పట్టుకుని దాన్ని మెరిసేలా తోమాలి. మరిదిగారిని ఇదొక్కటి అడుగు, ఆ ఇరవై వేల అంకె ఆయన నోట మళ్ళీ వస్తుందేమో చూద్దాం. తోముతానంటారా, భేష్, రోడ్‌ట్రిప్పే కొనుక్కోండి, మూడు బర్నర్ల సుఖం వేరు. ఆయన తోమరు, నువ్వే తోమాలంటే మాత్రం, బల్ల మీద పెట్టే బుల్లిదే కొను, లెగ్ పీసులు ఇంటికొచ్చాక ఓవెన్‌లో చేసిపెడదాం.

మీరింకా అపార్ట్‌మెంటులోనే ఉన్నారు కదా, కొన్నాక బాల్కనీలో వాడుకుందాం అనుకోకముందు లీజు కాగితం చదువు. ఇరవై పౌండ్ల సిలిండర్‌ని బాల్కనీలో చాలాచోట్ల ఒప్పుకోరు, పౌండు సీసాకి కొన్నిచోట్ల మినహాయింపు ఉంటుంది. సీసాలు ఎండలో మూసిన కారులో వదలొద్దు, ఇంట్లో అల్మారాలోనూ వద్దు.

ఇన్ని చెప్పాక కూడా ఏది కొనాలో తేలకపోతే, ఈ ట్రిప్పుకి అసలు కొనకు. మా గరాజులో బుల్లి గ్రిల్ ఉంది, శుక్రవారం వచ్చి పట్టుకెళ్ళు, సీసాలు కూడా పెడతాను. ట్రే తోమకుండా తిరిగిస్తే మాత్రం అక్కా చెల్లీ అని చూడను, ముందే చెబుతున్నా.